ఆదివారం ఎవరిది?

పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు మా వాళ్ళు "ముంబై సెంట్రల్ దగ్గర ఉంటాం" అంటారు. ఇంకొందరు "బైకలా" అంటారు. అబద్ధమేమీ కాదు, రెండూ నడిచి వెళ్ళేంత దగ్గరే. కామాటిపుర అన్న మాట మాత్రం నోటికి రాదు. నేను పుట్టి పెరిగిందీ, ఈనాడు ఒక చిన్న తెలుగు సంఘానికి పాస్టరుగా ఉంటున్నదీ ఆ గల్లీల్లోనే.

నిజానికి ఆ పేరు మనదే. కామాటి అంటే మట్టిపని, కూలిపని చేసేవాడు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ గట్టు సముద్రపు నీటిని ఆపిన తర్వాత బొంబాయి దీవుల నడుమ పల్లపు నేలలు తేలాయి. నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు అక్కడ గుడిసెలు వేసుకుని, ఈ నగరపు రోడ్లూ మేడలూ కట్టారు. ఆ తర్వాత బ్రిటిష్ వారి కాలంలోనే ఇక్కడ వేశ్యావాటిక పెరిగింది. నేల చదును చేసినవాడి పేరు, ఆ నేల మీద శరీరం అమ్ముకోవలసి వచ్చిన స్త్రీ అవమానానికి గుర్తుగా మారింది. అందుకే మనం ఆ పేరు దాచుకుంటున్నాం.

మా నాన్న మిల్లు కార్మికుడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మందితో పాటు ఆయనా బయటికి వచ్చారు, మళ్ళీ లోపలికి పోలేదు. మిల్లు ఉన్న రోజుల్లో ఆయన ఆదివారం నాకు బాగా గుర్తు. తలంటు పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, మమ్మల్ని ఆరాధనకు తీసుకువెళ్ళేవారు. ఆదివారం దేవుడిచ్చిందని చిన్నప్పుడు అనుకునేవాడిని.

ఇక్కడి మిల్లు కార్మికులకు దానిని సాధించిపెట్టింది మాత్రం నారాయణ్ మేఘాజీ లోఖండే. జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజంలో ఆయన ముఖ్యుడు. ఆ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో మన కామాటిపుర తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారని ఎంతమందికి తెలుసు? వ్యంకు బాళాజీ కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి పేర్లు చరిత్రలో ఉన్నాయి. లోఖండే 1880లో 'దీనబంధు' పత్రికను బొంబాయికి తెచ్చి నడిపారు. 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టి, సుమారు 5,500 మంది సంతకాలతో వారానికొక రోజు సెలవు కావాలని అర్జీ పెట్టారు. 1890 ఏప్రిల్‌లో జరిగిన పెద్ద సభలో ఇద్దరు స్త్రీ కార్మికులు కూడా మాట్లాడారు. ఆ ఏడు జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు.

ఆదివారం ఖండోబా వారమని కూడా ఆనాటి కార్మికుల వాదన. మన కొమురవెల్లి మల్లన్న జాతర జరిగేదీ ఆదివారాలే కదా! అంటే మా నాన్న చర్చికి వెళ్ళగలిగింది ఖండోబా భక్తులు పోరాడి తెచ్చిన సెలవు పుణ్యమే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ కలిగింది. మా గ్రంథంలో విశ్రాంతి దినం ఆజ్ఞ ఇంటి యజమానికి మాత్రమే కాదు. దాసుడు, దాసి, పరదేశి, చివరికి ఎద్దు దాకా అందరికీ విశ్రాంతి ఉండాలంటుంది. ఆ ఆజ్ఞను లోఖండే అమలు చేయించారు, మేము చదువుకున్నాం.

ఇక నా తప్పు చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆదివారం, పక్క గల్లీ నుంచి ఒక తెలుగు స్త్రీ ఆరాధనకు వచ్చింది. లోపలికి రాకుండా చెప్పులు విడిచే చోట కూర్చుంది. ఆమె ఎవరో అందరికీ తెలుసు. పెద్దలు నా వంక చూశారు. నేను ఆమె దగ్గరికి వెళ్ళి, "నీకెందుకమ్మా శ్రమ, ప్రార్థన చేయడానికి నేనే మీ గదికి వస్తాను" అన్నాను. ఎంత మర్యాదగా వెళ్ళగొట్టానో చూడండి! ఆమె తల ఊపి లేచిపోయింది. మళ్ళీ రాలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఆ గల్లీల్లో పొయ్యి వెలగని రోజులు. సెక్స్ వర్కర్లకు గుర్తింపు పత్రాలు అడగకుండా రేషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరు 29న ఆదేశించింది. అంతకుముందు నుంచే చాలామంది చేతనైనంత పంచారు, మా సంఘమూ బియ్యం, పప్పు పంచింది. ఒంగోలు మిషన్‌కు చెందిన క్లౌ దొర సంగతి అప్పుడు మా వాళ్ళకు చెప్పాను. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకుండా కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు. కాబట్టి మనమూ ఏమీ ఆశించకుండా ఇద్దాం అన్నాను.

సంచి అందుకున్న ఒక ముసలామె మాత్రం ఇలా అంది: "అయ్యగారూ, బియ్యం మా ఇంటికి తెస్తారు, ప్రార్థన మా ఇంటికి తెస్తారు. మమ్మల్ని మాత్రం మీ ఇంటికి రానివ్వరు."

నాకు నోట మాట రాలేదు. ఆరాధనలు మళ్ళీ మొదలయ్యాక సంఘ పెద్దలతో ఆ మాట చెప్పాను. చాలాసేపు చర్చ జరిగింది. ఆడపిల్లల తండ్రులు భయపడ్డారు. అసలే మన చిరునామాకు సంబంధాలు రావు, ఇక ఈ సంగతి తెలిస్తే ఎవరొస్తారన్నారు. ఆ భయం అబద్ధమని నేననలేను, నాకూ కూతురుంది. చివరికి ఒకరు మధ్యే మార్గం చెప్పారు: వారికి మంగళవారం మధ్యాహ్నం వేరే కూటం పెడదాం, ఆదివారం వారికి పని ఎక్కువ కూడాను.

అప్పటిదాకా మూల కూర్చున్న ఒక పెద్దావిడ లేచింది. పాలమూరు వైపు నుంచి చిన్ననాడే వచ్చిన మనిషి, మేమందరం పెద్దమ్మ అంటాం. "ఊళ్ళో హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టేటోళ్ళు. అది యాదికుందా? ఆ గ్లాసు మనం గీడికి మోసుకొచ్చినమా?" అంది.

మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. మంగళవారం కూటం మాట అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు మా దగ్గర ఇద్దరు ముగ్గురు స్త్రీలు వస్తున్నారు, అందరితో పాటు చాప మీద కూర్చుంటున్నారు, ప్రభు భోజనంలో అదే పాత్ర అందుకుంటున్నారు. రెండు కుటుంబాలు సంఘం మారాయి. వారిని నిందించను, వారి పిల్లల పెళ్ళిళ్ళకు వెళ్ళి దీవించి వచ్చాను. రావాలని ఉన్నా రాలేనివారే ఎక్కువ. ఆదివారం సాయంత్రం ఊరంతటికీ సెలవు కాబట్టి ఆ గల్లీకి పని. 130 ఏళ్ళ క్రితం వచ్చిన సెలవు ఆ మెట్లు ఇంకా ఎక్కలేదు.

ఏ వృత్తిలో ఉన్నవారికైనా గౌరవంగా బతికే హక్కు ఉందని 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయస్థానం చెప్పాక తెలుసుకోవడం మాలాంటి వారికి కొంచెం ఆలస్యమే.

మీరు ఏ ఊళ్ళో, ఏ దేశంలో ఉన్నా మీ గుడి, మీ మసీదు, మీ సంఘ భవనం ముందు చెప్పులు విడిచే చోటు ఒకటి ఉంటుంది. ఈసారి పండుగకు వెళ్ళినప్పుడు అక్కడ ఆగిపోయినవారు ఎవరైనా ఉన్నారేమో ఒక్కసారి చూడండి. ఇక నా మట్టుకు నేను, ఎవరైనా ఎక్కడుంటారని అడిగితే, "కామాటిపురలో" అని చెబుతున్నాను.