వేళ్ళకు కాపలా

మన కోస్తా జిల్లాల్లో చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారగట్ల స్నానం చేసేటప్పుడు పుట్టే వణుకే. తలకు మఫ్లరు చుట్టుకుంటే అది కాస్తా పారిపోతుంది. వేళ్ళను కొరికే చలి వేరే ఉన్నదని, మా తమ్ముడు కాశ్మీరులోని గుల్‌మార్గ్ వెళ్ళివచ్చాక గాని నాకు తెలియలేదు.

గుల్‌మార్గ్‌లో చలికాలమంతా స్కీయింగ్ చేస్తారు. కాళ్ళకు పొడుగాటి బద్దలు బిగించుకుని, చేత కర్రలు పట్టుకుని, మంచువాలు మీద జారిపోవటమన్నమాట. కొత్తవాడు పడక తప్పదు. పడితే ముందు మంచులో దిగబడేవి చేతులే. అసలు శత్రువు చలి ఒక్కటే కాదు, తడి కూడా. నీరు గాలికంటె సుమారు 24 రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది.

చేతొడుగు విలువ తెలియాలంటే ఫ్రెంచి పర్వతారోహకుడు మోరిస్ ఎర్జోగ్‌ను తలుచుకోవాలి. 1950 జూన్ 3న ఆయన, లూయీ లాషెనాల్ అన్నపూర్ణ శిఖరం ఎక్కారు. ఎనిమిదివేల మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి ఎక్కటం అదే మొదలు. దిగేటప్పుడు సంచి విప్పబోయి ఎర్జోగ్ చేతొడుగులు తీశాడు. అవి వాలున జారిపోయాయి. సంచిలో ఉన్న మేజోళ్ళను చేతులకు తొడుక్కోవచ్చునన్న ఆలోచన ఆ అలసటలో ఆయనకు తట్టలేదు. శిఖరం దక్కింది గాని చేతివేళ్ళు దక్కలేదు.

మరి ఎటువంటి తొడుగు కొనాలి? మేకతోలు పలచగా ఉన్నా గట్టిది. కర్రమీద పట్టు బాగా తెలుస్తుంది. ఆవుతోలు మందం, బరువు, మోటుపనికి ఆగుతుంది. జింకతోలు మెత్తన, కాని త్వరగా అరుగుతుంది. లోపల ఉన్నికాని, కృత్రిమపు దూదికాని కూరుతారు. కొత్తగా ఏకించిన దూదిపరుపు ఎందుకు వెచ్చగా ఉంటుంది? దూదిలో చిక్కుకున్న గాలివల్ల. తొడుగు బిగువైతే ఆ గాలి పోతుంది, నెత్తురూ సరిగా ఆడదు. అందుచేత వేలికొసన కొద్దిగా ఖాళీ ఉండాలి. పిడికిలి బిగిస్తే ఎక్కడా అదమకూడదు. బొటనవేలికి ఒక గది, తక్కిన నాలుగింటికీ కలిపి ఒక గది ఉండే రకం మరీ వెచ్చన. వేళ్ళు ఉమ్మడి కుటుంబంలా ఒకదానినొకటి కాచుకుంటాయి. లోపలి అస్తరు విడిగా ఊడివచ్చేదైతే ఆరబెట్టటం సుళువు. మణికట్టుకు తగిలించుకునే తాడు మాత్రం తప్పక ఉండాలి. ఎందుకో ఎర్జోగ్ కథ చెప్పనే చెప్పింది.

ఇక మావాడి కథ. తెలిసినవారి నడిగి మంచి మేకతోలు తొడుగులే కొన్నాడు. మొదటి సాయంత్రం తడిసినవాటిని బసలోని బుఖారీ పొయ్యిమీద పెట్టి నిద్రపోయాడు. తెల్లవారి చూస్తే వేయించిన అప్పడాలు! తడితోలుకు వేడి తగిలితే అందులోని పోగులు ముడుచుకుపోతాయి. ఆ పైన ఎంత నూనె రాసినా మళ్ళీ సాగవు. ఆ రోజంతా ఎవరో ఇచ్చిన ఉన్ని తొడుగులతో తిరిగాడు. అవి తడిసి, చిటికెనవేలు తెల్లబడి స్పర్శ తప్పింది. చంకలో పెట్టుకుని గంటసేపు కాచుకుంటే గాని తిరిగి ప్రాణం రాలేదు.

తడిసిన తొడుగును పిండకూడదు. పొడిబట్టతో అద్ది, అస్తరు తీసి, గాలి ఆడేచోట నిదానంగా ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాక తేనెమైనం పలచగా రాసి, వేలితో మర్దించి, మిగిలినది తుడిచెయ్యాలి. కుట్లమీద మరింత శ్రద్ధ అవసరం. నీరు దొంగతనంగా చొరబడే దారి అదే. గరుకుతోలుకు మాత్రం మైనం రాయకూడదు. మన సముద్రతీరాన దాచుకునేవారు ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే బూజు పట్టటం ఖాయం. నూలుసంచిలో ఉంచి, అప్పుడప్పుడు నీడన గాలి తగలనివ్వాలి.

మావాడు ముడుచుకుపోయిన ఆ జతను పారెయ్యలేదు. బీరువా తలుపుకు తగిలించాడు. ఎందుకురా అని అడిగితే, చిటికెనవేలు చూపించి, "ఇది మిగిలింది గదా అన్నయ్యా, గుర్తుకు" అన్నాడు.