స్ప్రింగు, షాకప్... మూడోది?

కారుకు స్పోర్ట్స్ స్ప్రింగులు, మంచి షాకప్‌లు వేయిస్తే చాలా, ఇంకేమైనా వేయించాలా? ఓ పాఠకుడి సందేహం. ఆ ‘ఇంకేమైనా’ దగ్గరే అసలు కథంతా ఉంది.

స్ప్రింగు ఎంత నొక్కుకుంటే అంత గట్టిగా తిరగబడుతుంది. షాకప్ లోపలి నూనె సన్నటి రంధ్రాల్లోంచి దూరాలి కాబట్టి, కదలిక ఎంత వేగంగా ఉంటే అంతగా అడ్డుపడుతుంది. స్థానానికి ఒకటి, వేగానికి ఒకటి. మరి త్వరణానికి?

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మాల్కమ్ స్మిత్ ఈ లోటును విద్యుత్ వలయాల వైపు నుంచి చూశారు. రెసిస్టరుకు షాకప్ సాటి, ఇండక్టరుకు స్ప్రింగు సాటి. కెపాసిటరుకు ద్రవ్యరాశి సాటి అనేవారు. కానీ కెపాసిటరుకు రెండు కొసలుంటాయి. బరువుకు ఒక్కటే, రెండో కొస ఎప్పుడూ నేలే. అలాంటిదాన్ని చక్రానికీ బాడీకీ మధ్య ఎలా బిగిస్తారు? స్మిత్ దానికి రెండో కొస ఇచ్చి, ‘ఇనర్టర్’ పేరుతో 2002లో ప్రచురించారు.

లోపల ఉన్నది పళ్లకడ్డీ, గేర్లు, చిన్న ఫ్లైవీలు. కొసలు దగ్గరైతే కడ్డీ జరుగుతుంది, గేర్ల మీదుగా ఫ్లైవీలు గిర్రున తిరుగుతుంది. ఎడ్లబండిలా అది కదలడానికీ మొరాయిస్తుంది, కదిలాక ఆగడానికీ మొరాయిస్తుంది. ఆ మొండితనమే రెండు కొసల మీదా బలమై పడుతుంది. కిటుకు గేర్లలో ఉంది: గేరు నిష్పత్తి రెట్టింపైతే జడత్వం నాలుగింతలు! అందుకే చిన్న ఫ్లైవీలు తన బరువుకు ఎన్నో రెట్ల బరువులా ప్రవర్తిస్తుంది. టైర్ల మీద ఎగిరెగిరి పడే రేసుకారుకు రోడ్డు మీద పట్టు నిలబెట్టేది ఇదే.

ఫార్ములా వన్ జట్టు మెక్‌లారెన్ దీన్ని 2005లో తన కార్లకు రహస్యంగా బిగించింది. ఆ ఏడాది స్పానిష్ గ్రాండ్ ప్రిలో ఆ జట్టు డ్రైవరు కిమి రైకొనెన్ గెలిచాడు. ఇతరులను దారి తప్పించడానికి ఇనర్టర్‌కు ‘జె-డ్యాంపర్’ అని పేరు పెట్టారు.

తప్పారు కూడా. మెక్‌లారెన్ నుంచి వచ్చిన ఉద్యోగి వెంట దాని బొమ్మ రెనో జట్టుకు చేరింది. బొమ్మ చేతిలో ఉండీ ఆ ఇంజనీర్లు దాన్ని మాస్ డ్యాంపరు అనుకున్నారు. అంటే స్ప్రింగుల మధ్య ఊగే బరువు, ఒకే కొసది, 2006లో తమకే నిషేధించిన పరికరం! ఇది చెల్లదేమోనని రేసుల పాలక సంస్థ ఎఫ్‌ఐఏను ఆరా తీశారు కూడా. 2007 డిసెంబరు విచారణలో, మెక్‌లారెన్ సమాచారం దగ్గర పెట్టుకుని రెనో నిబంధన ఉల్లంఘించిందని తేలింది, శిక్ష మాత్రం పడలేదు. చివరికి 2022 నిబంధనలు ఫార్ములా వన్‌లో ఇనర్టర్‌నే తీసేశాయి.

ఇక పాఠకుడి కారు. దానికి ఇనర్టర్ అక్కర్లేదు. స్ప్రింగు చుట్లు కోయించి కారు కిందికి దించడమూ వద్దు. చుట్లు తగ్గితే స్ప్రింగు బిగుస్తుంది, పాత షాకప్ దాన్ని అదుపు చేయలేదు. రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు షాకప్‌లే మార్పించండి.