పౌను పడింది... కొట్లో పేచీ పుట్టింది!

2016 అక్టోబరు 12. బ్రిటన్‌లో టెస్కో అనే సూపర్ మార్కెట్ నుంచి ఇంటికి సరుకులు తెప్పించుకునేవారు కంప్యూటర్ ముందు కూర్చొని పట్టీ రాసుకుంటున్నారు. టీ పొడి, బట్టల సబ్బు పొడి, ఐస్‌క్రీము, రొట్టె మీద రాసుకు తినే మార్మైటు... చాలా సరుకులకు వచ్చిన సమాధానం ఒక్కటే: "ప్రస్తుతం లేదు."

దేశంలో కరవు లేదు. లారీల సమ్మె లేదు. ఫ్యాక్టరీలు మూతపడలేదు. అయినా సరుకు లేదు. కారణం పౌను. ఆ దేశపు నాణెం విలువ పడిపోయింది. ఆ నష్టం ఎవరు నెత్తిన వేసుకోవాలన్న దగ్గర సరుకు తయారుచేసే కంపెనీకీ, అమ్మే కొట్టుకూ పేచీ వచ్చింది.

అంత పెద్ద దేశంలో, అంత పెద్ద కొట్లో జరిగిన ఈ తగాదా మన ఊరి కిరాణా కొట్టుకు వెళ్ళేవారు కూడా తెలుసుకోదగ్గదే. నూనె ప్యాకెట్టు ధర ఎందుకు మారుతుందో అందులో ఉంది.

పౌను ఎందుకు పడింది?

యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని 2016 జూన్ 23న బ్రిటన్‌లో ప్రజల ఓటు అడిగారు. నూటికి దాదాపు 52 ఓట్లు బయటికి రావడానికే పడ్డాయి. ముందుముందు ఆ దేశపు వ్యాపారం ఏమవుతుందోనన్న అనుమానంతో డబ్బున్న సంస్థలు పౌన్లు అమ్ముకొని డాలర్లు కొనుక్కున్నాయి. అమ్మేవారు ఎక్కువై కొనేవారు తక్కువైతే మిరపకాయల ధర పడినట్లే పౌను ధరా పడింది.

ఓటింగు రోజున ఒక పౌనుకు సుమారు ఒకటిన్నర డాలర్లు వచ్చేవి. అక్టోబరు నాటికి వచ్చేది సుమారు 1.22 డాలర్లు. 31 ఏళ్ళలో పౌను అంత కిందికి దిగడం అదే. విదేశంలో 150 డాలర్లు పలికే సరుకును బ్రిటన్ వ్యాపారి జూన్‌లో 100 పౌన్లకు తెచ్చుకున్నాడనుకుంటే, అక్టోబరులో అదే సరుకుకు 123 పౌన్లు పెట్టాలి. అమ్మిన దేశంలో ధర పైసా పెరగలేదు. కొన్న దేశంలో మాత్రం 23 పౌన్లు పెరిగింది. బ్రిటన్‌లో తినే తిండిలో దాదాపు సగం బయటి దేశాల నుంచి వచ్చేదే గనుక ఈ దెబ్బ వంటింటికి తగలక తప్పదు.

అక్కడ ఉద్యోగాలు చేసే మన తెలుగువారికీ ఈ లెక్క బాగానే తెలిసింది. జూన్‌లో వంద పౌన్లు ఇంటికి పంపితే సుమారు పదివేల రూపాయలు చేతికి వచ్చేవి. అక్టోబరులో అవే వంద పౌన్లకు ఎనిమిదివేల పైచిల్లరే వచ్చాయి. అక్కడి చదువులకు ఇక్కడి నుంచి ఫీజు కట్టే తల్లిదండ్రులకు మాత్రం అంతమేరకు భారం తగ్గింది. నాణెం పడితే ఒకరికి నష్టం, ఇంకొకరికి లాభం.

ఎవరి వాదన వారిది

టెస్కోకు ఆ సరుకులు ఇచ్చే కంపెనీ యూనిలివర్. మన ఊళ్ళలో సర్ఫు, లైఫ్‌బాయ్, లక్స్ అమ్మే హిందుస్థాన్ యూనిలివర్‌కు మాతృసంస్థ అదే. పాతవారు దానినే హిందుస్థాన్ లీవర్ అంటారు.

యూనిలివర్ లెక్కలు యూరోల్లో రాసుకుంటుంది. పౌను పడితే బ్రిటన్‌లో వచ్చిన రాబడి యూరోల్లో తగ్గిపోతుంది. పైగా ముడిసరుకులు చాలావరకు డాలర్ల బేరం. అందువల్ల ధరలు సగటున నూటికి పది వరకు పెంచాలని కంపెనీ అడిగినట్లు అప్పట్లో పత్రికలు రాశాయి. దిగుమతి ఖర్చు పెరిగినప్పుడు ధర పెంచడం వ్యాపారంలో మామూలేనని కంపెనీ అధికారులు అన్నారు.

టెస్కో ఒప్పుకోలేదు. అక్కడి జనం కిరాణాకు పెట్టే ప్రతి వంద పౌన్లలో సుమారు 28 పౌన్లు టెస్కోకే వెళ్ళేవి. అంతటి కొట్టు వద్దంటే ఎంత పెద్ద కంపెనీ అయినా ఆలోచించాల్సిందే. పక్కనే చవకగా అమ్మే జర్మనీ కంపెనీల కొట్లు వెలిశాయి. ధర పెంచితే గిరాకీ అటు పోతుందన్న భయమూ టెస్కోకు ఉంది.

విచిత్రమేమిటంటే, అప్పుడు టెస్కోకు పెద్దగా ఉన్న డేవ్ లూయిస్ అంతకుముందు దాదాపు 28 ఏళ్ళు యూనిలివర్‌లోనే పనిచేశారు. అవతలివాడి లెక్క ఎక్కడ నిజమో, ఎక్కడ పెంపో ఆయనకు తెలియనిది కాదు.

మార్మైటు అడ్డం తిరిగింది

జనానికి ఎక్కువ కోపం తెప్పించింది మార్మైటు సీసా. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టుతో చేసే నల్లటి చిక్కటి ముద్ద అది. బ్రిటన్‌లోనే బర్టన్ అనే ఊళ్ళో తయారవుతుంది. "ఇక్కడి బీరు, ఇక్కడి ఈస్టు, ఇక్కడి ఫ్యాక్టరీ. మరి పౌను పడితే దీని ధర ఎందుకు పెరగాలి?" అన్నది జనం అడిగిన ప్రశ్న.

ప్రశ్న సబబైనదే. పేరున్న కంపెనీ ధర పెంచేటప్పుడు బయటి నుంచి తెచ్చినదానికీ, ఇంట్లో తయారైనదానికీ కలిపే సగటు లెక్క కడుతుంది. ఒకదాని మీద పోయింది ఇంకొకదాని మీద రాబట్టుకుంటుంది. కొనేవాడికి ఆ సగటు కనిపించదు. సీసా మీద ధర ఒక్కటే కనిపిస్తుంది.

పేచీ బయటపడిన మర్నాడు రెండు కంపెనీల షేర్లూ పడ్డాయి. ఆ సాయంత్రానికే రాజీ కుదిరింది. సరుకు మళ్ళీ వచ్చింది. ఎవరు ఎంత తగ్గారో మాత్రం చెప్పలేదు.

ఆ నెల ముగియకముందే మారిసన్స్ అనే మరో సూపర్ మార్కెట్‌లో 250 గ్రాముల మార్మైటు సీసా 2 పౌన్ల 34 పెన్నీల నుంచి 2 పౌన్ల 64 పెన్నీలకు పెరిగింది. అంటే నూటికి పన్నెండుకు పైనే. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్లయింది.

ధర అలాగే, తూకం తక్కువ

ధర పెంచడం ఒక దారి. తూకం తగ్గించడం ఇంకో దారి. 2016 నవంబరులో టాబ్లెరోన్ అనే చాక్లెట్ బ్రిటన్‌లో 400 గ్రాముల నుంచి 360 గ్రాములకు, 170 గ్రాములది 150 గ్రాములకు తగ్గింది. అట్ట సైజు మారలేదు. చాక్లెట్ పళ్ళ మధ్య సందు పెరిగింది! ముడిసరుకుల ఖర్చు పెరిగినందునే తగ్గించామని, ఓటింగుతో సంబంధం లేదని కంపెనీ చెప్పింది. మారకం రేటు మాత్రం అనుకూలంగా లేదని ఒప్పుకుంది.

మొత్తం మీద ఆ దేశంలో ధరల పెరుగుదల 2016 జూన్‌లో ఏడాదికి నూటికి అర వంతు ఉండగా, 2017 నవంబరు నాటికి 3.1కి చేరింది. పౌను పడింది ఒక్క రాత్రిలో. ధరలు పెరగడానికి ఏడాది పైన పట్టింది. పంట చేలో ఉండగానే ధర కుదుర్చుకున్నట్లు, పెద్ద కంపెనీలు డాలరు రేటును నెలల ముందే కుదుర్చుకొని పెట్టుకుంటాయి. ఆ గడువు తీరినకొద్దీ భారం కొనేవాడి మీదికి దిగుతుంది.

చిన్నవాడి మాట

యూనిలివర్ పెద్దది గనుక "సరుకు ఇవ్వను" అనగలిగింది. టెస్కో పెద్దది గనుక "పెంచను" అనగలిగింది. మరి చిన్న సరఫరాదారు? సూపర్ మార్కెట్లు సరఫరాదారులతో ఎలా నడుచుకుంటున్నాయో చూడడానికి బ్రిటన్ ప్రభుత్వం 2013లో ఒక అధికారిని నియమించింది. టెస్కో తన లెక్కలు బాగా కనిపించేందుకు సరఫరాదారులకు ఇవ్వాల్సిన డబ్బును తెలిసి తెలిసి ఆలస్యం చేసిందని ఆ అధికారి 2016 జనవరిలో తేల్చారు. మిల్లువాడు ధాన్యం డబ్బులకు తిప్పుకుంటే రైతు పడే బాధ అక్కడా ఉందన్నమాట.

చిన్న కొట్టువాడి సంగతీ అంతే. మన ఊరి కిరాణా వర్తకుడు పట్నంలో హోల్‌సేల్ కొట్టు ఎంతంటే అంతకు తెచ్చుకోవాల్సిందే. పెరిగిన ధర చెప్పి ఊరివాళ్ళతో మాట పడేదీ అతడే.

మన వంటింటికి వస్తే...

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. అందులో పామాయిల్ ఇండొనేషియా, మలేషియాల నుంచి డాలర్ల బేరం మీద వస్తుంది. టన్ను వెయ్యి డాలర్లు అనుకుందాం. డాలరు 70 రూపాయలుంటే కిలో 70 రూపాయలు పడుతుంది. డాలరు 85 అయితే కిలో 85. అక్కడ ధర కదలకపోయినా ఇక్కడ కిలోకు 15 రూపాయలు ఎక్కువ. ఇది ఊహకు చెప్పిన లెక్క కాదు. 2019లో డాలరు 70 రూపాయల దరిదాపుల్లో ఉండేది. 2024 ఆఖరుకు 85 దాటింది.

అయితే అశ్వారావుపేట, దమ్మపేట, పెదవేగి వైపు ఆయిల్‌పామ్ వేసిన రైతుకు ఇది ఇంకోలా కనిపిస్తుంది. గెలల ధర పామాయిల్ ధరను బట్టి కడతారు. రూపాయి పడి దిగుమతి నూనె పిరమైతే గెలకూ ధర వస్తుంది. అదే రైతు డాలర్ల మీద వచ్చే పొటాష్ ఎరువు కొనేటప్పుడు అందులో కొంత తిరిగి పోగొట్టుకుంటాడు.

నాణెం పడకుండా ఆపడం కొనేవారి చేతిలో లేదు. ప్యాకెట్టు చదవడం చేతిలో ఉంది. గరిష్ఠ ధరతోబాటు గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా ఇప్పుడు ప్యాకెట్టు మీద అచ్చు వేయాలన్నది నిబంధన. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూపుకు లీటరు ప్యాకెట్టులాగే ఉండి గ్రాములు అంతకంటే తక్కువ ఉంటే, అది లీటరు కాదు. కళ్ళు ఆననివారు పిల్లలచేత చదివించుకొని కొనడం మంచిది.