పెప్టైడ్ సీరమ్ కొనేముందు అవ్వ చెయ్యి చూడండప్పా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... యా ఊరి పిల్లోళ్ల ఫోన్లో చూసినా పెప్టైడ్ సీరమ్ ప్రకటనే. ముడతలు మాయమంట! ఇరవై రెండేండ్లకు ముడతలేందో నాకైతే అర్థం కాదు. కానీ కూలి డబ్బులు పెట్టి కొనేటోళ్లు ఉండారు కాబట్టి అసలు సంగతి చెప్తా.

మనకు ఇదేం కొత్త సరుకు కాదు. హిందూపురం మార్కెట్టుకొచ్చే పట్టుగూట్లో దారం ప్రోటీనే. అమైనో ఆమ్లాలనే పూసలు వందలు, వేలు గుచ్చితే ప్రోటీను, అయిదో ఆరో గుచ్చి ఆపితే పెప్టైడ్. మన చర్మంలో కొల్లాజెన్ అనే ప్రోటీను ధర్మవరం మగ్గం మీద పడుగు మాదిరి బిగువుగా ఉంటాది. వయసుకూ ఎండకూ అది తెగతాది, చర్మం ముడత పడతాది.

తెగిన కొల్లాజెన్ ముక్కలు కొన్ని "కొత్త దారం నెయ్యండి" అని చర్మకణాలకు కబురు పెడతాయి. అట్లాంటి ముక్కనే ల్యాబులో చేసి, లోపలికి దిగేదానికి కొవ్వు తగిలించిందే మ్యాట్రిక్సిల్. ఇంకోటి ఆర్జిరెలిన్. నరం కండరానికిచ్చే సైగను తగ్గిస్తాదంట, బొటాక్స్ మాదిరి. అయితే బొటాక్స్ సూదితో ఎక్కిస్తారు, ఇది పైన పూసేది. అణువు బరువు 500 డాల్టన్లు దాటితే చర్మం లోపలికి దిగేది కష్టం. ఆర్జిరెలిన్ బరువు 889.

అట్లని అంతా మోసం కాదు. 2005లో అచ్చయిన ఒక పరీక్షలో 93 మంది ఆడోళ్లు 12 వారాలు ముఖానికి ఒక పక్క మ్యాట్రిక్సిల్ రకం పెప్టైడ్ క్రీము, ఇంకో పక్క ఉత్త క్రీము పూసుకున్యారు. పెప్టైడ్ పక్క ముడతలు కొంచెం తగ్గినాయి. కొంచెమే. పరీక్ష చేసిందీ క్రీములమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ శాస్త్రవేత్తలే. పెప్టైడ్ ఎంత కలిపినారంటే పది లక్షల పాళ్లలో మూడు! మన దేశంలో ఒక శాతం లోపుండే సరుకుల పేర్లు సీసా మీద యా వరసలోనైనా రాయొచ్చు. అంటే లోపల ఎంతుందో లేబులు చూసి చెప్పలేం.

శనక్కాయ చేన్లో బతికిన అవ్వ ముంజేయి పైభాగం చూడండి, తర్వాత రవికె కింద దాగిన భుజం చూడండి. వయసొకటే, చర్మమొకటే. తేడా అంతా ఎండది. ముందు సన్‌స్క్రీన్ కొనండి, తలకు తువ్వాల చుట్టండి. ముడతలకు రుజువులు ఎక్కువున్న మందు ట్రెటినాయిన్, అది డాక్టరు చీటీ ఉంటేనే. కడుపుతో ఉండేటోళ్లు దాని జోలికి పోకూడదు.

తెల్లగైతారని అంగట్లో చేతికిచ్చే స్టెరాయిడ్ క్రీములు మాత్రం వద్దు. అవి కొల్లాజెన్‌నే తగ్గించి చర్మాన్ని పల్చన చేస్తాయి.