తెలిసిన పేరు, తెలియని నెట్‌వర్క్: లినక్స్ లాప్‌టాప్ అడగకుండానే వై-ఫైకి కలవకుండా ఆపడం ఎలా?

ఇంట్లో కరెంటు పోతుంది. రౌటర్ ఆగిపోతుంది. బ్యాటరీ మీద నడుస్తున్న లాప్‌టాప్ మాత్రం ఆగదు. ఎప్పుడో అవసరానికి పాస్‌వర్డ్ అడిగి వాడుకున్న పక్కింటి వై-ఫై ఇన్వర్టర్ మీద పనిచేస్తూ ఉంటే, ఎవరినీ అడగకుండా దానికి కలుస్తుంది. పది నిమిషాల్లో కరెంటు వస్తుంది, సొంత రౌటర్ మళ్లీ వెలుగుతుంది. అయినా లాప్‌టాప్ వెనక్కి రాదు. ఆ సాయంత్రం చేసిన బ్యాంకు చెల్లింపు, పంపిన ఉద్యోగ దరఖాస్తు, పిల్లల ఆన్‌లైన్ పాఠం అన్నీ పక్కింటి రౌటర్ గుండానే సాగుతాయి. తెర మూలన కనిపించే వై-ఫై గుర్తు ఏ నెట్‌వర్క్‌కైనా ఒకేలా ఉంటుంది కనుక, ఆ సంగతి వాడేవారికి తెలియకపోవచ్చు.

దీనిని యంత్రం చేసిన పొరపాటు అనలేము. తనకు ఇచ్చిన ఆదేశాన్నే అది పాటించింది. ఒకసారి కలిసిన ప్రతి నెట్‌వర్క్‌ను గుర్తుపెట్టుకోవడం, మళ్లీ కనిపించినప్పుడు తనంతట తాను కలవడం దాని సహజ అమరిక. ఆ అమరికను మార్చే వీలు లినక్స్‌లో పుష్కలంగా ఉంది. కాకపోతే ఎక్కడ, ఎంత మేరకు మార్చాలో తెలియాలి.

లాప్‌టాప్ నెట్‌వర్క్‌ను ఎలా గుర్తిస్తుంది?

ఉబుంటు, ఫెడోరా, డెబియన్, లినక్స్ మింట్ వంటి ప్రధాన లినక్స్ పంపిణీల డెస్క్‌టాప్ రూపాల్లో వై-ఫై బాధ్యతను సాధారణంగా ‘నెట్‌వర్క్ మేనేజర్’ అనే ప్రోగ్రాం చూస్తుంది. రెడ్ హ్యాట్ సంస్థ 2004లో దీనిని ప్రారంభించింది. మీరు ఒక వై-ఫైని ఎంచుకుని పాస్‌వర్డ్ ఇచ్చిన క్షణంలో అది ఆ నెట్‌వర్క్ కోసం ఒక చిన్న దస్త్రాన్ని తయారుచేస్తుంది. నెట్‌వర్క్ పేరు, భద్రతా విధానం, పాస్‌వర్డ్, ‘తనంతట తాను కలవాలా’ అన్న ప్రశ్నకు జవాబు అందులో ఉంటాయి. ఆ జవాబు మొదటి నుంచీ ‘అవును’ అనే ఉంటుంది. వద్దని మనమే చెప్పాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. పాస్‌వర్డ్ లేని వై-ఫై కనిపించినంత మాత్రాన లినక్స్ లాప్‌టాప్ దానికి కలిసిపోదు. మీరు కనీసం ఒక్కసారైనా చేతితో ఎంచుకున్న నెట్‌వర్క్‌కే అది తర్వాత తనంతట తాను కలుస్తుంది. కాబట్టి తప్పుడు నెట్‌వర్క్ అంటే ఎక్కడి నుంచో ఊడిపడినది కాదు. మనం ఏదో ఒక రోజు సరేనన్నది, లేదా దాని పేరు పెట్టుకున్న మరొకటి.

ఆ రెండో అవకాశమే అసలు ప్రమాదం. వై-ఫై పేరుకు యాజమాన్యం అంటూ ఏదీ లేదు. 32 బైట్ల లోపు ఉండే ఆ పేరును ఎవరైనా తమ రౌటర్‌కో, ఫోన్ హాట్‌స్పాట్‌కో పెట్టుకోవచ్చు. లాప్‌టాప్ పేరును, భద్రతా విధానాన్ని సరిచూస్తుందే తప్ప ఆ పేరు వెనుక ఎవరున్నారో చూడదు.

ఇంటి వై-ఫైకి పాస్‌వర్డ్ ఉంటే కొంత రక్షణ ఉంటుంది. పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్‌గా నమోదైన దాని పేరుతో పాస్‌వర్డ్ లేని నకిలీ వస్తే లాప్‌టాప్ దానిని అదే నెట్‌వర్క్‌గా భావించదు. పాస్‌వర్డ్ పెట్టిన నకిలీ అయితే, అసలు పాస్‌వర్డ్ తెలియనంత వరకు అనుసంధానం పూర్తి కాదు. పాస్‌వర్డ్ లేని బహిరంగ వై-ఫై విషయంలో ఈ రెండు అడ్డుగోడలూ లేవు.

రైల్వే స్టేషన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. రైల్‌టెల్ సంస్థ ‘రైల్‌వైర్’ పేరుతో అందిస్తున్న వై-ఫై 2016 జనవరిలో ముంబయి సెంట్రల్ స్టేషన్‌తో మొదలై, ఆరు వేలకు పైగా స్టేషన్లకు విస్తరించింది. ప్రయాణికుడు మొబైల్ నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీతో లోపలికి వెళ్లాలి. సేవ ఉపయోగకరమైనదే. అయితే విజయవాడలో ఒకసారి దానికి కలిసిన లాప్‌టాప్, అదే పేరు పెట్టుకున్న మరో పరికరం ఏ బస్టాండ్‌లో కనిపించినా కలవడానికి సిద్ధంగా ఉంటుంది. అక్కడ తెరుచుకునే పేజీ ఓటీపీతో ఆగకుండా ఈ-మెయిల్ పాస్‌వర్డ్ కూడా అడిగితే, తొందరలో ఉన్న ప్రయాణికుడు ఇచ్చేసే అవకాశం ఉంది.

ఆస్ట్రేలియాలో ఇటువంటి కేసు కోర్టు దాకా వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో ఒక దేశీయ విమానంలో అనుమానాస్పద వై-ఫైని ఎయిర్‌లైన్ సిబ్బంది గమనించారు. దర్యాప్తు చేసిన ఫెడరల్ పోలీసులు పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన ఒక వ్యక్తిపై అభియోగాలు మోపారు. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లో అసలు పేర్లను పోలిన నకిలీ వై-ఫైలు ఏర్పాటు చేసి, కలిసినవారిని నకిలీ లాగిన్ పేజీలకు మళ్లించాడన్నది ఆరోపణ. చుట్టుపక్కల పరికరాలు ఏ పేరు కోసం వెతుకుతున్నాయో విని, వెంటనే అదే పేరుతో నెట్‌వర్క్‌ను సృష్టించగల చిన్న పరికరాన్ని అతడు వాడినట్లు పోలీసులు వివరించారు. 2025 నవంబరులో అతడికి 7 సంవత్సరాల 4 నెలల జైలుశిక్ష పడింది.

బ్యాంకుల వెబ్‌సైట్లు, ప్రధాన సేవలు ఇప్పుడు సమాచారాన్ని సంకేతీకరించే పంపుతున్నాయి. కనుక నకిలీ నెట్‌వర్క్‌కు కలిసినంత మాత్రాన ఖాతా ఖాళీ అయిపోతుందని భయపడనవసరం లేదు. నెట్‌వర్క్ నడిపేవారికి మీరు ఏ సైట్లకు వెళ్తున్నారన్నది చాలా వరకు తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, మిమ్మల్ని తమకు నచ్చిన పేజీకి మళ్లించే అవకాశం వారికి దక్కుతుంది. మోసం జరిగేది సాధారణంగా అక్కడే.

పక్కింటి వై-ఫైలో మోసం ఉండకపోవచ్చు. కానీ ఇంటర్నెట్ లెక్కల్లో నమోదయ్యేది కనెక్షన్ యజమాని పేరే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ల సందర్భంగా వచ్చిన ఈ-మెయిల్ జాడ తీస్తే, అది నవీ ముంబయిలోని ఒక ఇంటి రక్షణ లేని వై-ఫైకి చేరింది. ఆ ఇంట్లో ఉంటున్న వ్యక్తి దర్యాప్తును ఎదుర్కోవలసి వచ్చింది. పొరుగువారి నెట్‌వర్క్‌ను మన యంత్రం వారికి తెలియకుండా వాడుతూ ఉండటం మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయం కాదని దీనిని బట్టి అర్థమవుతుంది.

ఆపడానికి సులువైన మార్గం

ఉబుంటు, ఫెడోరాల్లో కనిపించే గ్నోమ్ డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరిచి వై-ఫై విభాగానికి వెళ్లండి. నెట్‌వర్క్ పేరు పక్కన ఉండే పళ్లచక్రం గుర్తును నొక్కితే దాని వివరాలు వస్తాయి. అందులో ‘కనెక్ట్ ఆటోమేటికల్లీ’ అన్న అమరికను తీసివేస్తే చాలు. పాస్‌వర్డ్ అలాగే భద్రంగా ఉంటుంది. కావాలనుకున్నప్పుడు మీరే ఎంచుకుని కలవవచ్చు. యంత్రం మాత్రం తనంతట తాను వెళ్లదు.

అదే చోట ‘ఫర్గెట్’ అన్న మాట కూడా ఉంటుంది. అది నెట్‌వర్క్ దస్త్రాన్నే తుడిచివేస్తుంది. ఇక ఎన్నడూ వాడబోని హోటల్, విమానాశ్రయం, పెళ్లి మండపం వై-ఫైలకు అదే సరైనది. అప్పుడప్పుడు అవసరమయ్యే పొరుగింటి వై-ఫైకి మాత్రం మొదటి పద్ధతే మేలు.

చాలామంది చేసేది మరొకటి ఉంది. తప్పుడు నెట్‌వర్క్ కనిపించగానే ‘డిస్‌కనెక్ట్’ నొక్కి ఊరుకుంటారు. అది ఆ పూటకే పనిచేస్తుంది. లాప్‌టాప్‌ను ఆపి మళ్లీ ప్రారంభిస్తే కథ మొదటికి వస్తుంది. నమోదైన అమరిక మారలేదు కదా.

టెర్మినల్ అలవాటున్నవారికి పని ఇంకా త్వరగా అవుతుంది. నెట్‌వర్క్ మేనేజర్‌తో మాట్లాడే ఆదేశం పేరు ఎన్ఎంసీఎల్ఐ. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆ ఐదు అక్షరాలు, తర్వాత ఖాళీ వదిలి ‘కనెక్షన్’ అన్న మాట మాత్రమే ఇస్తే ఇంతవరకు నమోదైన నెట్‌వర్క్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. రెండు మూడేళ్లుగా వాడుతున్న లాప్‌టాప్‌లో ఈ జాబితా పొడవు చూసి ఆశ్చర్యపోనివారు అరుదు. ఒకదాన్ని ఆపాలంటే ఆ రెండు మాటల తర్వాత ‘మాడిఫై’, దాని తర్వాత నెట్‌వర్క్ పేరు, ఆపై ‘కనెక్షన్ డాట్ ఆటోకనెక్ట్’, చివర ‘నో’ అని ఇవ్వాలి. డాట్ అంటే చుక్క. దానికి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. నెట్‌వర్క్ పేరులో ఖాళీలుంటే దానిని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి.

రెండూ మనవే అయితే?

ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు, లేదా ఒక రౌటర్, ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఉన్నప్పుడు రెండింటికీ తనంతట తాను కలవడం అవసరమే. కావలసింది వరుసక్రమం. దీనికోసం నెట్‌వర్క్ మేనేజర్‌లో ప్రాధాన్య సంఖ్య ఉంది. మైనస్ 999 నుంచి 999 వరకు ఏదైనా ఇవ్వవచ్చు. పెద్ద సంఖ్యకు మొదటి అవకాశం. ఏమీ ఇవ్వకపోతే అన్నింటికీ సున్నా ఉంటుంది. అప్పుడు చివరిగా వాడిన దానివైపు మొగ్గుతుంది. నిన్న పక్కింటి వై-ఫై వాడితే ఈరోజు లాప్‌టాప్ తెరవగానే అదే రావడానికి కారణం ఇదే.

కేడీఈ డెస్క్‌టాప్‌లో ఈ సంఖ్య నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. గ్నోమ్ సాధారణ సెట్టింగ్స్‌లో అది లేదు. ‘అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్’ అనే విడి ప్రోగ్రాంలో, ‘జనరల్’ భాగంలో ఉంటుంది. ఇంత ఉపయోగపడే అమరికను ఇంత లోపల దాచడం అంత సమంజసంగా లేదు.

ప్రాధాన్య సంఖ్యకు ఒక పరిమితి ఉంది. ఏ నెట్‌వర్క్‌కు కలవాలో నిర్ణయించే క్షణంలోనే అది పనిచేస్తుంది. ఒక నెట్‌వర్క్ సక్రమంగా నడుస్తూ ఉండగా, అంతకంటే ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది కనిపించినా నెట్‌వర్క్ మేనేజర్ మధ్యలో వదిలి దూకదు. జరుగుతున్న వీడియో సమావేశం తెగిపోకుండా ఉండటానికి ఇది మంచిదే. కరెంటు వచ్చిన తర్వాత కూడా లాప్‌టాప్ పక్కింట్లోనే ఉండిపోయేది మాత్రం ఇందువల్లే. వై-ఫైని ఒకసారి ఆపి మళ్లీ వేస్తే అది తిరిగి ప్రాధాన్యాలను చూసుకుని సొంత ఇంటికి వస్తుంది. పొరుగు నెట్‌వర్క్‌కు తక్కువ సంఖ్య ఇచ్చి ఊరుకోవడం చాలదు. తనంతట తాను కలవడాన్ని దానికి పూర్తిగా తీసివేయడమే సరైన మార్గం.

ఫోన్ హాట్‌స్పాట్ విషయంలో చిక్కు వేరు. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ పథకంలో ఉన్నవారు హాట్‌స్పాట్ ఆపడం మరచిపోతే, లాప్‌టాప్ దానికి కలిసి నేపథ్యంలో నవీకరణలు దించుకోవడం మొదలుపెట్టవచ్చు. తెల్లవారేసరికి డేటా మిగలదు. తనంతట తాను కలవడం తీసివేయడంతో పాటు, ఆ నెట్‌వర్క్ వివరాల్లో ‘మీటర్డ్’ అన్న అమరికను ఎంచుకుంటే, ఇది పరిమిత డేటా ఉన్న నెట్‌వర్క్ అని డెస్క్‌టాప్‌కు తెలుస్తుంది. గ్నోమ్‌లో నవీకరణలు వాటంతట అవి దిగడం అప్పుడు ఆగుతుంది. బ్రౌజర్‌లో మీరే తెరిచిన వీడియోకు మాత్రం ఈ హద్దు వర్తించదు.

పేరును కాక రౌటర్‌నే గుర్తించాలంటే?

ప్రతి రౌటర్ తన పేరుతో పాటు ఆరు జతల అంకెలు, అక్షరాలతో కూడిన ఒక చిరునామాను కూడా ప్రసారం చేస్తుంది. దానిని బీఎస్ఎస్ఐడీ అంటారు. నెట్‌వర్క్ దస్త్రంలో ఆ చిరునామాను నమోదు చేస్తే లాప్‌టాప్ అదే పేరున్న మరో రౌటర్‌కు కలవదు. కంపెనీ పెట్టిన పేరునే అందరూ ఉంచేసిన అపార్ట్‌మెంట్లలో లాప్‌టాప్ పక్క ఫ్లాట్ రౌటర్‌ను పట్టుకుని పదే పదే పాస్‌వర్డ్ అడుగుతూ ఉంటే, ఇది పనికి వస్తుంది. నిజానికి అటువంటి చోట సొంత రౌటర్ పేరు మార్చుకోవడమే తేలిక.

చిరునామా నమోదు చేసేవారు రెండు సంగతులు గమనించాలి. రెండు బ్యాండ్లలో పనిచేసే రౌటర్‌కు బ్యాండ్‌కొక చిరునామా ఉంటుంది. ఒకటే నమోదు చేస్తే రెండోది దక్కదు. అలాగే ఈ చిరునామాను కూడా నకలు చేయవచ్చు. పొరపాటున కలవడాన్ని ఇది ఆపుతుంది గాని, పనిగట్టుకుని మోసగించేవాడిని ఆపదు.

భద్రత కోసమని కొందరు ఇంటి వై-ఫై పేరును కనిపించకుండా దాచుతారు. దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. పేరు దాచిన నెట్‌వర్క్ తనంతట తాను కనిపించదు కాబట్టి, ‘ఆ పేరుగలది ఇక్కడ ఉందా’ అని లాప్‌టాప్ వెళ్లిన ప్రతి చోటా పిలుస్తూ ఉండాలి. ఆస్ట్రేలియా కేసులోని పరికరం వింటూ కూర్చున్నది ఇటువంటి పిలుపులనే.

నెట్‌వర్క్ మేనేజర్ లేని యంత్రాల్లోనూ ఈ వీలు ఉంది. ‘ఐడబ్ల్యూడీ’ని వాడే వ్యవస్థల్లో ప్రతి నెట్‌వర్క్‌కు ఆటోకనెక్ట్ అమరిక ఉంటుంది. రాస్‌ప్‌బెర్రీ పై చిన్న కంప్యూటర్ల అధికారిక వ్యవస్థ 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వర్మ్ రూపం నుంచి నెట్‌వర్క్ మేనేజర్‌కు మారింది కనుక, పైన చెప్పిన ఆదేశాలే అక్కడా పనిచేస్తాయి.

లాప్‌టాప్‌ను అమ్మేటప్పుడు, ఊళ్లో చదువుకునే పిల్లలకు ఇచ్చేటప్పుడు కూడా ఈ జాబితాను గుర్తుంచుకోవాలి. పాస్‌వర్డ్‌లు సాధారణంగా వ్యవస్థ దస్త్రాల్లో చదవగలిగే రూపంలోనే ఉంటాయి. మామూలు వాడుకరికి అవి తెరుచుకోవు. నిర్వాహక అధికారం ఉన్నవారికి తెరుచుకుంటాయి. లాప్‌టాప్ చేతులు మారితే ఆ అధికారం కూడా దానితోనే వెళ్తుంది. మీ ఇంటి వై-ఫై పాస్‌వర్డ్, మీ కార్యాలయానిది, ఒకనాడు నమ్మి చెప్పిన పొరుగువారిది అన్నీ అందులో ఉంటాయి. డిస్క్‌ను పూర్తిగా తుడిచి లినక్స్‌ను కొత్తగా ఎక్కించి ఇవ్వడం ఉత్తమం. అంత సమయం లేకపోతే జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా ‘ఫర్గెట్’ చేసి, ఆ తర్వాత ఇంటి రౌటర్ పాస్‌వర్డ్‌ను మార్చుకోవాలి.