సీ, పైథాన్ ఒకేసారి మొదలుపెట్టారా? అయితే ఈ తేడా చూడండి..

బీటెక్ ఫస్టియర్‌లో కాలేజీలో సీ లాంగ్వేజ్. సాయంత్రమైతే అమీర్‌పేటలో పైథాన్ కోచింగ్. ఎలాగూ ఫీజు కట్టేశాం, రెండూ ఒకేసారి అయిపోతే మంచిదే కదా అనుకుంటారు చాలామంది. ఇంతకీ కోడింగ్‌కి కొత్తవాళ్లు ఇలా రెండు భాషలు కలిపి నేర్చుకోవచ్చా?

ఓ చిన్న లెక్క చూద్దాం. రెండు టెస్టుల్లో 8, 7 మార్కులొచ్చాయి. మొత్తం 15, సగటు కావాలి. పైథాన్ 3లో 15/2 అని రాస్తే 7.5 వస్తుంది. అదే సీలో రాస్తే 7 మాత్రమే! సీలో రెండు పూర్ణ సంఖ్యల్ని భాగిస్తే పాయింట్ తర్వాత ఉన్నదంతా పోతుంది. జవాబును ఫ్లోట్‌లో దాచినా 7.0నే వస్తుంది. 15.0/2 అని రాస్తేనే 7.5.

సెమీకోలన్ మర్చిపోతే కంపైలర్ వెంటనే ఎర్రర్ చూపిస్తుంది, దిద్దుకోవచ్చు. ఇక్కడ ఎర్రరే రాదు. ప్రోగ్రామ్ చక్కగా రన్ అవుతుంది, జవాబే తప్పు. ఏ రూల్ ఏ భాషదో ఇంకా కుదురుకోని వాళ్లకి ఈ తప్పు పట్టుకోవడం చాలా కష్టం. పైగా సెమిస్టర్ పరీక్షలో కోడ్ రాయాల్సింది కాగితం మీద. అక్కడ చెప్పడానికి కంపైలర్ కూడా ఉండదు. పైథాన్ అలవాటుతో బ్రాకెట్ల బదులు ఖాళీ వదిలేస్తే మార్కులు పోయినట్టే.

అందుకే మొదటి మూడు నాలుగు నెలలు ఒక్కటే బెటర్. లూప్, కండిషన్, ఫంక్షన్.. ఇవి ఒక భాషలో ఒంటబడితే రెండో దాంట్లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు, రాసే తీరు మారుతుందంతే. కాలేజీలో సీ తప్పదు కాబట్టి ఆగాల్సింది పైథానే. (ఇన్‌స్టిట్యూట్ వాళ్లకి ఈ మాట నచ్చకపోవచ్చు!) ఫీజు కట్టేసి ఉంటే తర్వాతి బ్యాచ్‌కి మార్చమని అడిగి చూడండి.

మరి హెచ్‌టీఎమ్ఎల్, ఎస్‌క్యూఎల్ సంగతి? వాటితో ఈ గొడవ తక్కువ. ఒకటి వెబ్ పేజీ కట్టడానికి, ఇంకోటి డేటాబేస్‌లోని సమాచారం తీయడానికి. పనే వేరు కాబట్టి సీతో పాటు నేర్చుకున్నా పెద్దగా కలగాపులగం అవ్వదు.

రెండో భాషకి రెడీ అయ్యామని ఎలా తెలుస్తుంది? యూనిట్లు ఇస్తే స్లాబుల ప్రకారం కరెంటు బిల్లు వేసే ప్రోగ్రామ్ సీలో రాయండి. వీడియో చూడకుండా, కాపీ కొట్టకుండా. రన్ చేసి, చేత్తో వేసిన లెక్కతో సరిచూసుకోండి. సరిపోయిందా? అదే కరెంటు బిల్లుతో పైథాన్ మొదలుపెట్టేయండి.