వెలుఁగును మోయు పొరలు

నేఁటి ఫోనుల తెరలలో పెక్కింటికి వెనుక దీపము లేదు. తెరయందలి ప్రతి చుక్కయుఁ దానే వెలుఁగును. ఇట్టి తెరలను ఓ.ఎల్.ఇ.డి. తెర లందురు. గడచిన సంవత్సరము మేమీ విషయమును బోధించుచు, మా పాత ఫోనును తరగతిలోఁ జూపితిమి. తెరనంతయు బూడిదరంగున నుంచినప్పుడు, ఎల్లప్పుడును బ్యాటరీ గుర్తు నిలిచియుండెడి పైమూల నీడవలె మాసి కనఁబడెను. ఒక బాలుఁడు లేచి, "మాస్టారూ, ఇందులో నూనె లేదు, వత్తి లేదు, మండున దేదియు లేదు. మఱి యిది యేల యరిగిపోయినది?" అని యడిగెను. ఆ ప్రశ్న మంచిది. ఫోను కొనుటకై నెలలతరబడి కూడఁబెట్టు కుటుంబములు మా విద్యార్థులలోఁ బెక్కు గలవు; వస్తువు మన్నిక వారికి వినోదవిషయము కాదు. కావున నిక్కడ సమాధానము వ్రాయుచున్నాము.

కొన్ని కర్బన సమ్మేళనములలో విద్యుత్తును పంపినచో నవి వెలుఁగును. 1963లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున మార్టిన్ పోప్ మొదలగువారు ఆంత్రసీను స్ఫటికమును వెలిగించిరి. కాని దానికి నాలుగువందల వోల్టుల యొత్తిడి కావలసివచ్చెను. అంత యొత్తిడిని జేబులోని వస్తువున కెట్లు సమకూర్చఁగలము?

ఈ చిక్కును విప్పినవారు అమెరికాయందలి ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలోని చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అను నిరువురు. 1987లో వారు స్ఫటికమును విడిచి, గాలిలేని పాత్రలో ద్రవ్యములను ఆవిరిగా మార్చి, గాజుపలకపై రెండు పలుచని పొరలుగాఁ బరచిరి. రెండును గలిసి సుమారు 135 నానోమీటర్లు. అనఁగాఁ దలవెండ్రుక మందములో ఐదువందలవ వంతు. ఆ దీపము 10 వోల్టులకు లోపుననే ప్రకాశవంతముగా వెలిఁగెను.

రెండు పొర లెందుకు? వెలుఁగు పుట్టుటకు ఋణధ్రువమునుండి ఎలక్ట్రానులును, ధనధ్రువమునుండి రంధ్రములును బయలుదేఱి కలిసికొనవలయును. రంధ్ర మనఁగా ఎలక్ట్రాను ఉండవలసినచోట లేకుండుట. అది ధనావేశమువలె నడచును. మన పెండ్లిండ్లలోని యెదురుకోలును తలంచుకొనుఁడు. మగపెండ్లివారు ఒకదిక్కునుండి, ఆఁడపెండ్లివారు వేఱొకదిక్కునుండి వచ్చి నడుమ నొకచోటఁ గలియుదురు. టాంగ్, వాన్ స్లైక్‌లు డయమీను జాతి ద్రవ్యమును రంధ్రములకు బాటగాను, ఆల్క్యూ3 అను నల్యూమినియము సమ్మేళనమును ఎలక్ట్రానులకు బాటగాను నేర్పఱచిరి. ఆ రెండు పొరల సరిహద్దుచెంత ఆల్క్యూ3లో వెలుఁగు పుట్టెను. ఇట్లు ఆవేశములను మోసితెచ్చు పొరలే వాహక పొరలు. చూపఱులు వెలుఁగును మెచ్చుకొందురేగాని, దానిని తెచ్చినవానిని చూడరు. అయినను దీపము యొక్క యాయువు చాలవఱకు వీనిపై నాధారపడియున్నది. వీనికిఁ గలుగు కీడులు ముఖ్యముగా మూఁడు.

మొదటిది వేఁడిమి. చక్కెరపాకమును పళ్లెములోఁ బోసి త్వరగాఁ జల్లార్చినచో గాజువంటి పలక యగును. తేమయు వేఁడిమియు సోఁకినచో నది కొన్నినాళ్లకు పొడిపొడియై స్ఫటికములు గట్టును. వాహక పొరలును అట్టి గాజుస్థితిలోనే యుండవలయును. స్ఫటికములు గట్టినచో పొర యెగుడుదిగుడై, విద్యుత్తు దగ్గఱిదారిని వెదకికొని, ఆ చుక్క యాఱిపోవును. తొలినాళ్లలో మిక్కిలిగా వాడిన టి.పి.డి. అను ద్రవ్యము సుమారు 60 సెంటిగ్రేడు డిగ్రీలకే మెత్తఁబడును. వేసవిలో మూసియుంచిన కారులో ముందుపలకపై వేఁడిమి యంతకు మించుట యరుదు గాదు. తరువాత వాడుకలోనికి వచ్చిన ఎన్.పి.బి. సుమారు 95 డిగ్రీలవఱకు నిలుచును. అణువులను పెద్దవిగాను, వంకరగాను నిర్మించినచో నవి వరుసగాఁ బేర్చుకొనలేవు. అందువలన గాజుస్థితి ఇంకను హెచ్చు వేఁడిమివఱకు నిలుచును.

రెండవది సమత్వము తప్పుట. సామాన్యముగా ఎన్.పి.బి.లో రంధ్రములు, ఆల్క్యూ3లో ఎలక్ట్రానులకంటె ననేకరెట్లు వేగముగా నడచును. ఒక పెండ్లివారు పరుగున వచ్చి, రెండవవారు వీథిలోనే యుండఁగా, వారి వాకిటిలోనికిఁ జొచ్చినట్లగును. 1999లో కెనడాలోని జీరాక్స్ పరిశోధనాలయమున హానీ అజీజ్, జోరాన్ పొపోవిచ్ మొదలగువారు ఆల్క్యూ3లో రంధ్రములు మాత్రమే ప్రవహించునట్లు చేసి చూచిరి. దాని వెలుఁగుశక్తి క్రమముగాఁ దగ్గెను. ఎలక్ట్రానులు మాత్రమే ప్రవహించినప్పు డట్టి హాని కలుగలేదు. దీనినిబట్టి, ఏ ద్రవ్యమునకు ఏ బరువు తగునో యదియే మోపవలయునని తేలెను. ఇందుకు మార్గములు పెక్కు గలవు. రంధ్రముల వేగమును తగ్గించుట యొకటి. రెండు ద్రవ్యములను కలిపి, కలయిక ఒక్క గీఁతయందు గాక వెడల్పుగా జరుగునట్లు చేయుట వేఱొకటి. ఎలక్ట్రానుల ప్రవేశమును సులభము చేయుట మఱియొకటి. 1997లో కోడక్ వారే, అల్యూమినియపు ధ్రువముక్రింద ఒక నానోమీటరైనను మించని లిథియము ఫ్లోరైడు పొర నుంచి యీ పనిని సాధించిరి.

మూఁడవది నీలవర్ణము. ఎఱ్ఱని కాంతికణము శక్తి సుమారు 2 ఎలక్ట్రాను-వోల్టులు. నీలపుదానిది సుమారు 2.7. అణువులలోని బలహీనపు బంధములను, ముఖ్యముగాఁ గర్బన-నత్రజని బంధములను, త్రెంచుటకుఁ గావలసిన శక్తి దీనికి దవ్వుగా లేదు. శక్తిగొన్న యణువు, దారినిఁ బోవు నావేశమును తాఁకినచో రెండింటి శక్తియుఁ గూడి బంధము తెగును. తెగిన ముక్క మరల నతుకుకొనదు. వచ్చు నావేశములను తనలోఁ బట్టియుంచి వెలుఁగును మ్రింగివేయును. నీలపు చుక్కలు ముందుగా వాడిపోవుట కిదియే ప్రధానకారణము. అందువలన నీలమునకుఁ బ్రక్కనుండు వాహక పొరలను దృఢబంధములు గల యణువులతోఁ గట్టుదురు. శక్తి వాహక పొరలోనికిఁ జొరకుండ నడుమ సన్నని యడ్డుపొరను నిలుపుదురు.

ఇవిగాక నీటియావిరి యొకటి గలదు. అది లోనికిఁ జేరినచో ధ్రువపు లోహము చెడి నల్లమచ్చలు పుట్టును. అందుచేత దీపమునంతయు గాజుతోనో, దట్టమైన సన్నని పొరలతోనో మూసివేయుదురు.

ఇపుడా బాలుని ప్రశ్నకు వత్తము. బ్యాటరీ గుర్తున్నచోటి చుక్కలు తమ పొరుగువానికంటె నెక్కువ గంటలు విద్యుత్తును మోసినవి. మోసిన ప్రతి యావేశమును కొంచెము హాని చేయును. మండున దేదియు లేకున్నను, మోయుటయే యలసట. ప్రకాశమును రెట్టింపు చేసినచో నాయువు సగముకంటెను దగ్గును. కాఁబట్టి తెరను తగుమాత్రపు వెలుఁగున నుంచుట, యొకే బొమ్మను గంటలకొలఁది నిలుపకుండుట, యెండలో విడువకుండుట మనము చేయఁదగిన పనులు. శాస్త్రజ్ఞులును ఈ సూత్రమునే పాటించి, రెండు దీపములను ఒకదానిపై నొకటి పేర్చి బరువును పంచుచున్నారు. 2024లో వెలువడిన ఆపిల్ ఐప్యాడ్ ప్రో తెర యట్టిదే. ఒక్కొక్క దీపము సగము విద్యుత్తునే మోసినను వెలుఁగు తగ్గదు.

విద్యార్థులారా! ఇంకను నీలపు దీపమున కెఱుపుతో సమానమగు నాయువు లభింపలేదు. దానిని సాధించువాఁడు మీలో నొకఁడు గావచ్చును. అట్టివాఁడు వెలుఁగు పొరనొక్కదానినే చూడక, దానికిఁ బ్రక్కల నిలిచి బరువు మోయుచున్న పొరలను ముందుగాఁ బరీక్షించునుగాక.